గాలి ఉన్నంత మేర

ఆ వేసవిలో మా ఇంట్లో చిక్కుడు గింజలు, క్యాబేజీ వండడం మానేశాం. కడుపులో గాలి పుట్టించే తిండి ఏదీ అక్క తినకూడదు. నేల మీద గుప్పెడున్న గాలి విమానంలో అక్క వెళ్ళే ఎత్తుకు చేరేసరికి ఉబ్బి మూడు గుప్పెళ్ళవుతుంది. సూటు వేసుకుని కదలకుండా గంటల తరబడి కూర్చునే మనిషికి అదెంత నరకమో అక్క మర్యాదైన మాటల్లో చెప్పబోయి నానా తంటాలు పడింది. సంగతి అర్థమయ్యాక అమ్మ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అక్క విమానం నడిపేది. జనం ఎక్కే విమానం కాదు. ఒక్క మనిషి మాత్రమే పట్టే, పొడుగాటి రెక్కల విమానం. పై గాలిలో ఏమేం కలిసి ఉన్నాయో కొలవడానికి దాన్ని ఇరవై ఒక్క కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళేవాళ్ళు. మామూలు విమానాలు పది పన్నెండు దగ్గరే ఆగిపోతాయి. అక్క చేరే ఎత్తులో సూటు లేకుండా బయటి గాలి తగిలితే ఒంట్లో తడి ఒంటి వేడికే మరుగుతుంది. ఆ సూట్లు కుట్టడం, అతకడం, తొడగడం, విప్పడం నా పని. మా విమానాల స్థావరంలో నా అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ నేను దర్జీనే. బావ అక్కడి క్యాంటీన్లోనే వంటవాడు. ఎంత పైకి పోయినా ఆకలేస్తే కిందికి దిగి తన దగ్గరికే రావాలి కదా అన్న ధైర్యంతో అక్కని పెళ్ళి చేసుకున్నానని చెప్పేవాడు. నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

ఎండలు మొదలవుతుండగా ఒక కబురొచ్చింది. అంతరిక్ష నౌకలో పంపడానికి మా స్థావరం నుంచి ఒకరిని తీసుకుంటారట. పరీక్షల మీద పరీక్షలు పెట్టి, ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు అక్క. రెండో ఆయన్ని పొడుగాయన అనేవాళ్ళం. మంచివాడే. సూటు తొడిగేటప్పుడు మోకాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ప్రతిసారీ నాకు క్షమాపణలు చెప్పేవాడు.

ఆ కబురు ఇంట్లో తెలిసిన రోజు భోజనాల దగ్గర అమ్మ అందరికీ వడ్డించి కూర్చుంది. తర్వాత, ఇప్పుడు ఎగిరేదే ఎత్తు కదా, ఇంకా పైకెందుకని అడిగింది. అక్క తన కంచం పక్కకి జరిపింది. బల్ల మీద రెండు వేళ్ళు పడుకోబెట్టి, బల్ల నేల అనుకుంటే మామూలు విమానం ఒక వేలు మందం ఎత్తున ఎగురుతుందని, తనది రెండు వేళ్ళ ఎత్తున ఎగురుతుందని చెప్పింది.

"మరి ఆ నౌకో?" అంది అమ్మ.

అక్క తల పైకెత్తి, బల్ల మీదికి వేలాడుతున్న దీపం చూపించింది. అమ్మ ఆ దీపాన్ని, అక్క వేళ్ళని మార్చి మార్చి చూసింది.

వేగం సంగతి బావ అడిగాడు. తను గంటసేపు ఎగిరి దాటే దూరాన్ని నౌక రెండు నిమిషాలు తిరక్కుండానే దాటేస్తుందని, గంటన్నరలో భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వస్తుందని అక్క చెప్పింది. అమ్మకు ఇది అస్సలు నచ్చలేదు.

"అంత ఉరుకులు పరుగులు పెట్టి, మళ్ళీ బయల్దేరిన చోటికేనా? ఆ మాత్రానికి నెమ్మదిగా పోకూడదూ?"

"నెమ్మదిగా పోతే కిందపడుతుందమ్మా."

"నీ విమానమో?"

"నెమ్మదైతే నాదీ పడుతుంది. కాకపోతే వేగం ఎక్కువైనా కూడా పడుతుంది."

బావ నవ్వుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఈ సంగతి అతనికి అప్పటిదాకా తెలియదని నాకు అప్పుడే తెలిసింది. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు విమానానికి బోలెడంత వెసులుబాటు ఉంటుంది, నెమ్మదిగానూ పోవచ్చు, జోరుగానూ పోవచ్చు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. కాస్త వేగం తగ్గితే రెక్కలు బరువు మోయలేవు. కాస్త పెరిగితే విమానం వణకడం మొదలుపెడుతుంది, ముక్కలైనా అవుతుంది. ఆ రెంటికీ మధ్య మిగిలే తేడా సైకిల్ తొక్కేంత వేగమే. ఆ సందులోంచి పక్కకి పోకుండా అక్క గంటలు గంటలు విమానాన్ని పట్టుకుని కూర్చునేది. రోజుల తరబడి మా పక్కనే కూర్చుని తిన్న మనిషి ఇలాంటి పని చేసి వస్తోందని అమ్మకు గాని బావకు గాని తెలియదు. నాకు తెలిసినా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన మనిషి అక్క కదా అని.

"ఇంత ప్రమాదమైతే ఉన్నదే మానెయ్యకుండా, ఇంకోటి కూడానా?" అంది అమ్మ.

అక్క కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"రెక్కకి గాలి కావాలమ్మా. గాలి ఉన్నంత మేరే నా ఉద్యోగం. అది అయిపోయే చోటుదాకా వెళ్తాను. అక్కడ పగలే ఆకాశం నల్లగా ఉంటుంది. ప్రతిసారీ ఆ గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగొస్తున్నాను."

అమ్మ అక్కకి కూర మారు వడ్డించింది.

ఆ వేసవంతా అక్కకు పని ఎక్కువైంది. పై గాలి కొలతలు ఆ రోజుల్లోనే తీయాలట. ఎగిరే ముందు అక్క స్థావరంలోని నా సూట్ల గదిలో వాలుకుర్చీలో పడుకుని చాలాసేపు ఒట్టి ఆక్సిజన్ పీల్చేది. మన రక్తంలో నత్రజని కరిగి ఉంటుంది. ఒత్తిడి తగ్గితే అది సోడా సీసా మూత తీసినట్టు బుడగలు బుడగలుగా బయటికొస్తుంది. ముందే ఆక్సిజన్ పీలిస్తే నత్రజని చాలావరకు పోతుంది. చాలావరకే, మొత్తం కాదు. ఆ బుడగలు కీళ్ళలో చేరితే నొప్పులు. ఇంకా పైకి పోతే, అంటే తలకి పోతే, అది వేరే సంగతి. అందుకే దిగాక సూటు విప్పుతుండగా డాక్టరుగారు గుమ్మం దగ్గరికొచ్చి, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని అడుగుతుంది. ఏమీ లేదని పైలట్ చెప్తాడు. ఆవిడ వెళ్ళిపోతుంది. నేను ఆ గదిలో చేరిన దగ్గర్నుంచి ఇంకో జవాబు వినలేదు.

అక్క ఒంటి కొలతలు నా వేళ్ళకి కంఠతా వచ్చు. అక్క ఒళ్ళు కాస్త తగ్గినా సూటు బిగించే తాళ్ళు నాకు చెప్పేస్తాయి. ఎండలు ముదిరేసరికి ఎడమ కాలు విప్పేటప్పుడు అక్క మోకాలు కాస్త దాచుకుంటోందని గమనించాను. అడిగితే, కూర్చుని కూర్చుని పట్టేసిందని అంది. అందరికీ పడుతుంది, నిజమే. ఇంట్లో మేడ మీదికి వెళ్ళేటప్పుడు గోడ పట్టుకునేది. బావ ఒకరోజు వేడినీళ్ళ కాపడం పెడతానంటే, ఎంపిక అయ్యేదాకా తనని ముసలమ్మని చెయ్యొద్దని కసిరింది. మర్నాడు తనే బతిమాలి కాపడం పెట్టించుకుంది.

ఎంపిక తేలడానికి కొద్ది రోజుల ముందు, అక్క ఎగిరిన రోజది. మధ్యాహ్నం ఎండ తలుపు సందులోంచి గదిలోకి పడుతోంది. అక్క దిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. శిరస్త్రాణం తీశాను. బుగ్గల మీద రబ్బరు అంచు ఒత్తుకుని ఎర్రగా గీత పడింది. ఎలా ఉందని అడిగితే విమానం బాగుందని చెప్పింది. నేను బూట్ల దగ్గర కూర్చున్నాను. అక్క తన కుడి చేతి తొడుగు తీసుకోబోయింది. ఆ తొడుగు మణికట్టు దగ్గర ఒక ఇనుప కడియంతో సూటుకి బిగిసి ఉంటుంది. కడియం ఎడమకి తిప్పితే ఊడుతుంది. అక్క కుడికి తిప్పింది. మళ్ళీ కుడికే తిప్పింది. ఆగి, దాని వంక చూసి, మళ్ళీ కుడికే తిప్పింది.

"బిగుసుకుపోయిందే ఇది," అంది.

బిగుసుకుపోలేదు. నేను రెండు వేళ్ళతో ఎడమకి తిప్పితే ఊడి వచ్చింది. అక్క నా వేళ్ళ వంక చూసింది, నేనేదో గారడీ చేసినట్టు.

అప్పుడే డాక్టరుగారు గుమ్మంలోకి వచ్చి ఎప్పుడూ అడిగేదే అడిగింది. అక్క ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. డాక్టరుగారు తలూపి వెనక్కి తిరిగింది.

"డాక్టరుగారూ, ఒకసారి ఇటు రండి," అన్నాను.

అంతే నేనన్నది. ఇంకేమీ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. వచ్చి అక్క ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. నెలల పేర్లు చివర్నుంచి మొదటికి చెప్పమంది. అక్క నవ్వి మొదలుపెట్టింది. నాలుగైదు చెప్పి ఆగింది. తర్వాతది గుర్తు చేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. ఆ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. డాక్టరుగారు లేచి వెళ్ళి గోడకున్న ఫోను తీసుకుంది.

స్థావరంలో దీనికి ఒక ఉక్కు గది ఉంది. పెద్ద నీళ్ళ ట్యాంకును పడుకోబెట్టినట్టు ఉంటుంది. మనిషిని లోపల పెట్టి తలుపు బిగించి గాలి ఎక్కిస్తారు. సముద్రంలో పద్దెనిమిది మీటర్ల లోతున ఉంటే ఒంటి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో అంతదాకా ఎక్కించి, బుడగలు మళ్ళీ రక్తంలో కరిగాక నెమ్మదిగా తగ్గిస్తారు. రోగితోపాటు లోపల ఒక మనిషి ఉండాలి. నేను ఉంటానన్నాను. డాక్టరుగారు నా చెవులు చూసి సరేనంది.

లోపల రెండు సన్నటి బల్లలు, ఒక గుండ్రటి కిటికీ. గాలి ఎక్కుతుంటే గది వేడెక్కింది, చెవులు మూసుకుపోయాయి. ముక్కు మూసుకుని ఊదుకుంటూ కూర్చున్నాం ఇద్దరం. అక్క మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టాను. మధ్యలో కాసేపు మాస్కు తీసి మామూలు గాలి పీల్చనివ్వాలి. మొదటిసారి తీసినప్పుడు అక్క మాట్లాడలేదు. రెండోసారి తీసేటప్పటికి నెలలన్నీ తనంతట తనే చెప్పుకుంటోంది, డిసెంబరు నుంచి జనవరి దాకా, ఒక్కటీ పోకుండా.

"చూశావా," అంది. ఆ ఒత్తిడిలో గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "రెండు నిమిషాలు ఆగుంటే నేనే చెప్పేదాన్ని ఆవిడకి."

"ఏమో అక్కా."

"ఏమో ఏంటి? చెప్పేదాన్ని. నేను చెప్పడం వేరు, నువ్వు పిలవడం వేరు."

మాస్కు మళ్ళీ పెట్టాల్సిన సమయమైంది, పెట్టాను. కిటికీలోంచి బావ మొహం కనిపించింది. క్యాంటీన్ నుంచి అలాగే పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, భుజం మీద గిన్నెలు తుడిచే గుడ్డ ఉంది. ఏదో సైగ చేశాడు. అక్క అటువైపు చూడలేదు.

ప్రాణానికి ఏమీ కాలేదు. సాయంత్రానికి నడిచింది, మాట్లాడింది, మోకాలి నొప్పి కూడా పోయింది. కానీ తలకి తీసిన ఫొటోల్లో చిన్న చిన్న తెల్లటి మచ్చలు కనిపించాయి. కొన్ని కొత్తవి, కొన్ని పాతవి. ఇక అంత ఎత్తుకు ఎగరకూడదని డాక్టరుగారు తేల్చి చెప్పింది. ఆ మాట అక్క ఎదురుచూసిందే, దానికి వాదించలేదు. నౌక సంగతి మాత్రం వదల్లేదు. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్నా సరే, నౌక లోపల గాలి మన ఇంట్లో గాలిలాగే దట్టంగా ఉంటుందని, ఆ మాటకొస్తే తన విమానం కన్నా నౌకే సుఖమని, తను పోగొట్టుకున్నది విమానమే గాని నౌక కాదని గంటసేపు వాదించింది. వాదనలో తప్పేమీ లేదు. డాక్టరుగారు అంతా విని, నౌకలోంచి బయటికొచ్చి పని చెయ్యాల్సి వస్తే వేసుకునే సూటులో ఒత్తిడి ఎంతని అడిగింది. అక్కకి తెలుసు. నాకూ తెలుసు. నేల మీది ఒత్తిడిలో మూడో వంతు కూడా ఉండదు, మళ్ళీ అవే బుడగలు.

పొడుగాయన్ని తీసుకున్నారు.

అమ్మ ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. పిల్ల నేల మీదే ఉండాలని కోరుకున్న మనిషి కదా. ఆ రాత్రి భోజనానికి అక్క రాలేదు. అమ్మ కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"నాకు భయం పోయింది, బానే ఉంది," అంది. "దాని మొహం అలా ఉంటే నాకేం ఒరిగినట్టు?"

అప్పట్నుంచి అక్క నాతో మాట్లాడడం మానేసింది. కోపంగా చూసేది కాదు, విసుక్కునేది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరం అద్దెకున్న వాళ్ళలా, స్నానాల గది దగ్గర ఎదురైతే పక్కకి తప్పుకుని దారిచ్చేది. ఏదైనా చెప్పాలంటే అమ్మతో చెప్పించేది. అమ్మకి ఆ రాయబారాలు మోసి మోసి విసుగొచ్చి, మీ ఇద్దరి మధ్య నేనేమన్నా ఫోను తీగనా అని ఒకరోజు ఇద్దరి మీదా విరుచుకుపడింది. అయినా మార్పు లేదు. పడుకోబోయే ముందు ఇద్దరం చెప్పుకునే స్థావరం కబుర్లు ఆగిపోయాయి. ఆ కబుర్లు వినడానికే బావ కూడా కూర్చునేవాడని, అవి లేకపోతే అతనికి తోచడం లేదని అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో భోజనాలు అయిపోయాక బావ నన్ను ఆగమన్నాడు. ఎదురుగా బంగాళాదుంపల గుట్ట. నాకూ ఒక చాకు ఇచ్చాడు. ఇద్దరం తొక్కు తీస్తూ కూర్చున్నాం.

"నేనూ చూస్తూనే ఉన్నానమ్మా," అన్నాడు. "ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేసేది. చెప్పిందే చెప్పేది. అలసట అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. నువ్వు పిలిచావు. నాకు నోరు రాలేదు."

ఆ మాట అక్కతో చెప్పారా బావా అని అడిగాను. చెప్పానన్నాడు. ఏమందంటే, తల వంచుకుని దుంప తొక్కు తీస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు అక్క అతనితోనూ సరిగా మాట్లాడలేదు.

నౌకలో వేసుకునే సూటుకి పొడుగాయన కొలతలు నా సూట్ల గదిలోనే తీశాను. చేతులు చాచి నిలబడి, మీ అక్కగారు ఎలా ఉన్నారని అడిగాడు. బాగుందన్నాను. ఆవిడ ఎదురుపడితే తనకి ఎటు చూడాలో తెలియడం లేదన్నాడు. నేను భుజాల దగ్గర టేపు పెట్టి చూస్తుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయి తిరిగాను. అక్క. తన లాకర్ ఖాళీ చేసుకుని పోతోంది, చంకలో సంచి ఉంది.

"భుజం దగ్గర కాస్త వదులు పెట్టు," అంది. "కుర్చీలో పడుకుని చేతులు పైకెత్తి మీటలు నొక్కాలి ఆయన. నిలబెట్టి కొలిస్తే చాలదు."

వారాల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. పొడుగాయన్ని వాలుకుర్చీలో పడుకోబెట్టి మళ్ళీ కొలిచాను. అక్క చెప్పింది నిజమే, రెండు వేళ్ళు తేడా వచ్చింది. తల తిప్పి చూసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

అక్క ఊరి చివర ఒక ఎగిరే బడిలో చేరింది. కొత్తవాళ్ళకి విమానం నేర్పే ఉద్యోగం. ఇద్దరు పట్టే బుల్లి విమానాలు, ముందు ఒకే పంకా. ఒక కిలోమీటరు ఎత్తు దాటితే గొప్ప. మొదటి రోజుల్లో ఇంటికొచ్చి ఏమీ చెప్పేది కాదు. తర్వాత తర్వాత నేర్చుకునేవాళ్ళ గురించి బావతో చెప్తుంటే పక్క గదిలోకి వినిపించేది. ఒకాయన నేల మీదికి దిగబోతూనే కళ్ళు మూసుకుంటాడట. ఒకావిడ రెక్కని పట్టుకుని దానితో మాట్లాడుతుందట.

ఎండలు తగ్గి గాలులు మొదలయ్యాయి. ఒక సెలవు రోజు పొద్దున్న అక్క నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"ఖాళీయేనా?" అంది. "విమానం ఒకటి బాగుచేయించారు, ఎగరేసి చూడాలి. పక్క సీట్లో బరువు కావాలి."

"ఇసక బస్తా లేదా?"

"బస్తాకి చెవుల్లో ఫోను పెట్టి మాట్లాడలేను కదా."

బయల్దేరాం. ఆ విమానం నిజంగానే అంత చిన్నది, ఇద్దరి భుజాలూ ఒరుసుకుంటున్నాయి. మామూలు చొక్కాలు వేసుకుని కూర్చున్నాం. అక్కకి సూటు తొడగకుండా విమానం ఎక్కించడం నాకదే మొదటిసారి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచాక కిందికి చూస్తే అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మేడల మీద ఆరేసిన బట్టలు, ఒక బడి ఆవరణ, రోడ్డు. అక్క ఆ రోడ్డు వెంబడే పోనిచ్చింది. ఎదురుగాలి బలంగా ఉంది. విమానం దాని పాటికి అది గుర్రుమంటోంది గాని, కింద చెట్లు కదలడం లేదేమో అన్నంత నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి.

కాసేపటికి చెవుల్లో అక్క గొంతు వినిపించింది.

"నువ్వు పిలవకపోతే నేనే డాక్టర్ని పిలిచేదాన్నని అన్నాను కదా ఆ రోజు. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను." ముందుకే చూస్తోంది. "పిలిచేదాన్ని కాదే. ఇంటికెళ్ళి పడుకునేదాన్ని."

అక్క చేత్తో ఏదో సరిచేసింది, విమానం కాస్త పక్కకి ఊగి కుదురుకుంది.

కింద రోడ్డు మీద ఒక లారీ. నిండా సరుకేసుకుని, పైన పట్టా కట్టుకుని, మా వెనక నుంచి వచ్చింది. మా రెక్క కిందకి వచ్చింది. కాసేపు మాతోపాటే నడిచింది. తర్వాత మెల్లగా మమ్మల్ని దాటి ముందుకు పోయింది.

అక్క మెడ చాచి దాన్ని చూసింది.

"లారీ దాటేసిందే మనల్ని," అంది.

ముందు పెదాలు బిగపట్టుకుంది. తర్వాత ఆపుకోలేకపోయింది. ఆ వేసవి మొత్తంలో అక్క అలా నవ్వడం నేను చూడలేదు, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా, ఒక చేత్తో పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. వెనక ఇంకో లారీ వస్తోందని చూపించాను, అది కూడా దాటేసింది.

వెనక్కి తిరిగితే గాలి తోడుంటుంది, తొందరగా ఇంటికి పోవచ్చు కదా అన్నాను.

"ఇంకాస్త దూరం పోదాం," అంది అక్క.